చెట్టెక్కే తాడుకు ఇంట్లో చేసుకునే ఫ్రిక్షన్ సేవర్: చంద్రగిరి మిత్రుడి ప్రశ్నకు జవాబు

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. చంద్రగిరి చుట్టుపక్కల మామిడి తోటల్లోనూ, ఊళ్లలోని చింతచెట్ల మీదా కొమ్మలు తీసే పని మీది. 12 మిల్లీమీటర్ల పాలిస్టర్ బోలు తాడు, అంటే లోపల ఖాళీగా ఉండే నేత తాడు, కొన్నారు. పశువుల గొలుసులకు వేసే ఇనుప రింగులు రెండు హార్డ్‌వేర్ దుకాణం నుంచి తెచ్చారు. వాటితో, కొమ్మ మీదుగా వేసి రెండు కొసల రింగుల్లోంచి ఎక్కే తాడును నడిపే 90 సెంటీమీటర్ల ఫ్రిక్షన్ సేవర్‌ను సొంతంగా స్ప్లైస్ చేసుకోవాలని ఉంది, అంటే ముడి వేయకుండా తాడు కొసను (దీన్నే తోక అంటాం) తాడులోకే దూర్చి రింగు పట్టే ఉచ్చు, అంటే కన్ను, చేసుకోవాలని. తోకను ఎంత పొడవున లోపలికి దూర్చాలి, తాడును తాడులోంచి దాటించే బ్రమ్మెల్ పద్ధతి ఒక్కటే సరిపోతుందా అని అడిగారు. నా జవాబు ముందే చెప్పేస్తాను. తాడు మంచిదే. 90 సెంటీమీటర్లు చాలదు. ఆ రింగుల మీద మాత్రం ఎక్కకండి.

నేను తిరుపతిలో పద్నాలుగేళ్లుగా ఈ పని చేస్తున్నాను. స్ప్లైస్ చేయడం ఇష్టంగా నేర్చుకున్నాను, ఇంకొందరికి నేర్పాను. అందుకే మిమ్మల్ని నిరుత్సాహపరచాలని లేదు. కానీ ఒక సంగతి మనసులో స్థిరపడిన తర్వాతే సూది పట్టుకోవాలి. ఫ్రిక్షన్ సేవర్ అంటే తాడు ఒరుసుకోకుండా కొమ్మ మీద వేసే గోనెపట్టా కాదు. గోనె జారిపోతే తాడు బెరడు మీద పడుతుంది, మనం మిగులుతాం. సేవర్ ఒక కాలు, అంటే కొమ్మకు ఒక పక్క దిగే భాగం, తెగినా, ఒక కన్ను ఊడినా మొత్తం కొమ్మ మీది నుంచి జారి మనతోపాటు కిందికి వస్తుంది. మనం వేలాడేది దాని మీదే. ప్రతి కుట్టూ ఆ లెక్కతోనే పడాలి.

అసలు దాని అవసరం ఏమిటో కూడా రెండు మాటలు చెబుతాను. తాటిచెట్టు ఎక్కే గీత కార్మికుడి మోకు బరువు పడగానే చెట్టును పట్టుకుంటుంది. మన తాడు అలా కాదు. కొమ్మ మీదుగా రెండు పాయలుగా దిగి, మనం కదిలినప్పుడల్లా బెరడు మీద రంపంలా ఆడుతుంది. చింత బెరడు గరుకు కాబట్టి ముందు తాడు పాడవుతుంది. మామిడి లేత కొమ్మల్లో బెరడు పలుచన కాబట్టి ముందు చెట్టు పాడవుతుంది. బెరడు కింద కొత్త కణాలు పుట్టే పచ్చి పొర ఒకటి ఉంటుంది. తాడు ఆ పొర దాకా కోస్తే అక్కడ జిగురు కారుతుంది, ఎండుతెగులు ప్రవేశిస్తుంది. మామిడి కాండం తొలిచే పురుగు గుడ్లు పెట్టడానికి ఇలాంటి గాయాలనే వెతుక్కుంటుంది. నాలుగు ఎండుకొమ్మలు తీయడానికి వెళ్లి బతికున్న కొమ్మకు గాయం చేసి రావడం రైతుకు మనం చేసే అన్యాయం. సేవర్ వేస్తే తాడు రెండు రింగుల మధ్య నున్నగా జారుతుంది, చెట్టు మీద సేవర్ కదలకుండా ఉంటుంది.

ఇక రింగులు. పశువుల గొలుసు రింగు అంటే ఇనుప కడ్డీని వంచి రెండు కొసలను అతికించినది. నేను నేర్చుకునే రోజుల్లో అలాంటిదాన్నే చైన్ పుల్లీకి తగిలించి లాగి చూశాను. అతుకు దగ్గర విచ్చుకుంది. పైకి నున్నగా మెరుస్తున్న ఆ అతుకు లోపల సగం కూడా కరగలేదు. అది ఆవును కట్టడానికి చాలు, ఎందుకంటే ఆవు దానికి వేలాడదు. మీకు కావలసింది అతుకు లేకుండా సాగగొట్టి చేసిన రింగు, దాని మీద తెగే బలం కిలోన్యూటన్లలో చెక్కి ఉండాలి. అమెరికా చెట్ల పని భద్రతా ప్రమాణం జెడ్133 ఎక్కే తాడుకు కనీసం 5,400 పౌండ్ల బలం ఉండాలంటుంది. అది సుమారు 24 కిలోన్యూటన్లు, మన లెక్కలో దాదాపు 2,450 కిలోలు. పర్వతారోహణ స్లింగులకు యూరప్ ప్రమాణం ఈఎన్ 566 అడిగేది 22 కిలోన్యూటన్లు. 22 కన్నా తక్కువ రాసి ఉన్నదాన్ని, ఏమీ రాసి లేనిదాన్ని నేను ముట్టుకోను. పర్వతారోహణ సామగ్రి అమ్మేవారి దగ్గర ఇవి దొరుకుతాయి. ఖరీదు ఎక్కువే. ఈ పనిలో డబ్బు పెట్టాల్సింది అక్కడే, మిగిలినదంతా మీ చేతి పని.

రింగులు రెండూ ఒకే సైజు ఉండకూడదు. పని అయ్యాక కింద నిలబడి సేవర్‌ను దించుకోవడం రెండు సైజులుంటేనే వీలవుతుంది. పెద్ద రింగు వైపు నుంచి దిగే తాడు కొసకు ముడి వేసి, చిన్న రింగు వైపు పాయను లాగుతాం. ముడి పైకి వెళ్లి పెద్ద రింగులో దూరిపోతుంది, చిన్న రింగు దగ్గర ఇరుక్కుంటుంది, అక్కడి నుంచి లాగితే సేవర్ మొత్తం కొమ్మ దాటి వస్తుంది. నా దగ్గరి చిన్న రింగు లోపలి వ్యాసం 28 మిల్లీమీటర్లు, పెద్దది 45. మీ తాడుతో, మీరు వేసే ముడితో నేల మీదే పది సార్లు లాగి చూసుకోండి. ముడి రెండింటిలోనూ దూరిపోతే తాడు ఒట్టిగా కిందికి వస్తుంది, సేవర్ పైనే ఉండిపోతుంది. రెండింటిలోనూ ఇరుక్కున్నా పైనే ఉండిపోతుంది. ఇంకో మాట, దించేటప్పుడు ముడికి సన్న తాడు ఒకటి కట్టి నెమ్మదిగా వదలండి. పది మీటర్ల ఎత్తు నుంచి రాతి మీద పడిన అల్యూమినియం రింగును మళ్లీ నమ్మలేం. నెత్తిన పడితే చెప్పనక్కర్లేదు.

పొడవు సంగతికి వస్తాను. ఇక్కడే మీ లెక్క తప్పింది. తాడు ఎక్కించే కొమ్మ 20 సెంటీమీటర్ల మందం ఉందనుకోండి. దాని పైసగం చుట్టుకోవడానికి సేవర్‌లో సుమారు 31 సెంటీమీటర్లు పోతాయి. 90లో మిగిలిన 59 రెండు కాళ్లుగా దిగుతుంది, ఒక్కో కాలు 29. అందులో పది సెంటీమీటర్లు కొమ్మ పక్కనే అయిపోగా రింగులు కొమ్మ అడుగుకు 19 సెంటీమీటర్ల కింద వేలాడతాయి. బాగానే ఉంది. ఇప్పుడు అదే సేవర్‌ను 35 సెంటీమీటర్ల చింత కొమ్మ మీద వేయండి. పైసగానికే 55 పోతాయి. ఒక్కో కాలుకు మిగిలేది 17న్నర, కొమ్మ పక్క ఎత్తు కూడా సరిగ్గా అంతే. అంటే రింగులు కొమ్మకు రెండు పక్కలా అతుక్కుని ఉంటాయి, మధ్యలోని తాడు కొమ్మ అడుగు బెరడును ఒరుసుకుంటుంది. ఏ గాయం తప్పించడానికి సేవర్ వేశామో ఆ గాయమే అవుతుంది. పైగా రింగులు ఎడంగా లాగబడి కంటి మీద పక్కవాటు బరువు పడుతుంది. 120 సెంటీమీటర్లు ఉంటే ఆ కొమ్మ మీద కూడా రింగులు 15 సెంటీమీటర్ల కింద వేలాడతాయి. సన్న కొమ్మ మీద కాస్త ఎక్కువ దిగుతాయి, మీ పైచేయి అందే ఎత్తు ఆ మేరకు తగ్గుతుంది. మామిడిలో అది పెద్ద నష్టమేమీ కాదు.

120 అనడానికి రెండో కారణం కూడా ఉంది, అది స్ప్లైస్‌కు సంబంధించినది. బోలు తాడులో కన్ను ఎలా నిలుస్తుందో చూడండి. తాడు కొసను వెనక్కి మడిచి దాని నేతలోకే దూరుస్తాం. బరువు పడినకొద్దీ బయటి నేత సాగి సన్నబడుతుంది, లోపలి తోకను నాలుగు వైపులా నొక్కుతుంది. పట్టు అంతా ఆ నొక్కుడుదే. అందుకే లోపల ఉన్న పొడవే ప్రాణం. స్ప్లైస్ చేసేవారు దీన్ని ఫిడ్, అంటే తోకను దూర్చే సూది, పొడవుల్లో కొలుస్తారు. ఒక ఫిడ్ అంటే తాడు మందానికి 21 రెట్లు. మీ 12 మిల్లీమీటర్ల తాడుకు అది సుమారు 25 సెంటీమీటర్లు. పాలిస్టర్‌కు రెండు ఫిడ్లు, అంటే 50 సెంటీమీటర్ల కన్నా తక్కువ నేను ఎప్పుడూ దూర్చను. తాడు చేసిన కంపెనీ ఎక్కువ అడిగితే కంపెనీ మాటే పాటిస్తాను. డైనీమా లాంటి జారుడు దారానికి మందానికి 72 రెట్లు కావాలి, అదే మందంలో 86 సెంటీమీటర్లు. ఇప్పుడు కూడి చూడండి. రెండు వైపులా 50 చొప్పున 100, రెండు కళ్లకు ఆరేసి చొప్పున 12, మొత్తం 112. ఇది 90లో పట్టదు. పట్టించాలని తోకలు కుదిస్తే మీరు కుదించేది పట్టునే.

సరిగ్గా చేసిన స్ప్లైస్ తాడు బలంలో 90 శాతం దాకా నిలుపుతుంది. ముడి అయితే రకాన్ని బట్టి సగం వరకు కూడా పోగొడుతుంది. ఈ శ్రమంతా అందుకే.

చేసే పద్ధతి చెబుతాను. తాడు 2.6 మీటర్లు కత్తిరించండి. లెక్క ప్రకారం 2.32 చాలు, కానీ లోపల తోక నిండిన చోట బయటి నేత ఉబ్బి పొడవు తగ్గుతుంది. కొస నుంచి 50 సెంటీమీటర్ల దగ్గర ఒక గుర్తు, అక్కడి నుంచి కంటికి 12 సెంటీమీటర్లు వదిలి రెండో గుర్తు పెట్టండి. కన్ను మరీ చిన్నదైతే బరువు పడినప్పుడు దాని మొదలు దగ్గర నేత విచ్చుకుంటుంది. కంటి పొడవు రింగు కడ్డీ మందానికి కనీసం మూడు రెట్లు ఉండాలి, ఐదు ఉంటే ఇంకా మంచిది. 12 మిల్లీమీటర్ల కడ్డీకి ఆరు సెంటీమీటర్ల కన్ను సరిపోతుంది. రింగును ఇప్పుడే ఎక్కించండి. కన్ను మూసేశాక గుర్తుకొస్తే మొత్తం విప్పాల్సిందే.

ఇప్పుడు తోకను సన్నబరచాలి. చాలామంది విసుగుతో వదిలేసే పని ఇది, నేను ఎక్కువ సమయం పెట్టేది కూడా దీని మీదే. మీ తాడులో పన్నెండు పేటలు ఉన్నాయి, ఎడమకు తిరిగేవి ఆరు, కుడికి తిరిగేవి ఆరు. చివరి 15 సెంటీమీటర్లలో నాలుగేసి సెంటీమీటర్ల దూరంలో ఒక ఎడమ పేట, ఒక కుడి పేట చొప్పున బయటికి తీసి కత్తిరించండి. కొసకు వచ్చేసరికి నాలుగు పేటలే మిగలాలి. ఎందుకంటే తోక మొద్దుగా ఆగిపోతే అక్కడ తాడు లావు నుంచి ఒక్కసారిగా సన్నానికి దిగుతుంది, బరువంతా ఆ మెట్టు దగ్గర పేటల మీద పడుతుంది. స్ప్లైస్ చేసిన తాడు తెగితే ఎక్కువగా తెగేది అక్కడే. వేలితో తడిమితే ఎక్కడ ముగిసిందో తెలియకూడదు.

దూర్చడానికి ఖరీదైన ఫిడ్ అక్కర్లేదు. పాత మోటార్‌సైకిల్ క్లచ్ వైరును మధ్యకు మడిస్తే చాలు. రెండో గుర్తు నుంచి 55 సెంటీమీటర్ల అవతల నేతను వదులు చేసి, ఆ మడతను లోపలికి పంపి రెండో గుర్తు దగ్గర బయటికి తీయండి. లోపల పోయేటప్పుడు వైరు ఒక్క పేటను కూడా గుచ్చుకోకూడదు. అందుకే తాడును గొంగళిపురుగులా మడతలు చేసుకుంటూ ముందుకు పోవాలి. బయటికి వచ్చిన మడతలో తోక కొసను పెట్టి, టేపు చుట్టి, వెనక్కి లాగండి. రెండు గుర్తులూ కలిసేదాకా లాగాలి. తర్వాత కంటిని పట్టుకుని నేతను చేత్తో బలంగా నిమురుతూ అవతలి వైపుకు జరపండి. మళ్లీ మళ్లీ చేయండి. తోక దానంతట అదే లోపలికి మాయమవుతుంది.

ఇక బిగింపు కుట్టు. ఇది లేకుండా ఏ స్ప్లైసూ నా సంచిలోకి వెళ్లదు. 2021 నవంబరు వానలకు తిరుపతిలో వీధులు మునిగిన రోజుల్లో వరుసగా రెండు వారాలు పడిపోయిన కొమ్మలు తీశాం. అప్పుడు నా దగ్గర కుట్టు వేయని సేవర్ ఒకటి ఉండేది. బరువు మీద అద్భుతంగా నిలిచేది. ఒక ఉదయం ఎక్కే ముందు చూస్తే ఒక కన్ను దగ్గర తోక నాలుగు వేళ్ల మేర బయటికి వచ్చి ఉంది. ఎవరూ లాగలేదు. సంచిలో కుదుపులకు, తడిసి ఆరడానికి అది మెల్లగా జారింది. బరువు లేనప్పుడు నేత వదులవుతుంది, పట్టు ఉండదు, ఆ సమయంలో తోకను ఆపేది కుట్టు ఒక్కటే. ఆ రోజు చూడకుండా ఎక్కి ఉంటే ఏమయ్యేదో ఆలోచించడానికి ఇప్పటికీ మనసు ఒప్పదు. చెప్పులు కుట్టేవారి మైనం పట్టించిన నైలాన్ దారం తీసుకోండి. కంటి మొదలు నుంచి ఐదారు సెంటీమీటర్లు తాడు మధ్యగుండా అటూ ఇటూ కుడుతూ వెళ్లి, అదే దారిలో వెనక్కి రండి. తాడును పావు వంతు తిప్పి మళ్లీ అలాగే కుట్టండి. దారాన్ని నేత కుంచించుకుపోయేలా బిగించకండి. బరువు మోసేది కుట్టు కాదు, దాని పని తోకను చోటు కదలనివ్వకపోవడమే.

బ్రమ్మెల్ గురించి అడిగారు కదా. తాడును తాడులోంచి రెండుసార్లు దాటించే ఆ పద్ధతి కూడా ఇదే పని చేస్తుంది, బరువు లేనప్పుడు విడిపోకుండా చూస్తుంది. అదొక్కటే ఉంటే చాలదు, దాని వెనక పూర్తి తోక లోపల ఉండాల్సిందే. పైగా రెండో కన్ను చేసేటప్పుడు మొదటి కొసకు రింగు ఉంటుంది కాబట్టి మామూలుగా దాటించడం కుదరదు, నేతను లోపలిది బయటికి తిప్పాలి. పాలిస్టర్ మోటు నేతలో ఆ దాటు చోట పేటలు వంకర పోతాయి. సేవర్‌కు నేను కుట్టునే ఎంచుకుంటాను.

మొదటి కన్ను పూర్తయ్యాక దాని మీద మీ బరువు వేసి కాసేపు వేలాడి, ఆ తర్వాతే రెండో కంటికి కొలవండి. నేత సర్దుకున్నాక పొడవు మారుతుంది. ముందే కొలిచినవాళ్లందరి సేవర్లూ అనుకున్నదానికన్నా పొట్టిగానో పొడుగ్గానో వచ్చాయి.

బోలు తాడు చేతికి లొంగడం లేదనిపిస్తే మూడు పేటల పురి తాడుతో మొదలుపెట్టండి. పురి విప్పి ఒక్కో పేటను ఒకదాని కింది నుంచి ఒకటి దూర్చే కంటి స్ప్లైస్ కళ్లకు కనబడుతుంది, తప్పు ఉంటే దాగదు. కొబ్బరి, జనపనార తాళ్లకు మూడు దూర్పులు చాలంటారు. పాలిస్టర్ నున్నన కాబట్టి ఐదు పూర్తి దూర్పులకు తగ్గకూడదు. లారీ సరుకు కట్టే నీలం, పచ్చ ప్లాస్టిక్ తాళ్లతో మాత్రం ఏదీ చేయకండి. అది పాలీప్రొపిలీన్. మన ఎండకు ఏడాదిలోపే పెళుసెక్కుతుంది, 160 డిగ్రీల దగ్గర కరిగిపోతుంది. పాలిస్టర్ 250 డిగ్రీలు దాటేదాకా తట్టుకుంటుంది.

మొదటి మూడు స్ప్లైసుల మీద ఎక్కకండి. ఒకదాన్ని నిలువుగా కోసి లోపల తోక ఎలా పడుకుందో చూడండి, మెలి తిరిగి ఉంటే తెలుస్తుంది. మిగిలిన రెండింటినీ లాగి చూడండి. బోరు మోటార్లు పైకి తీసేవారి దగ్గర చైన్ పుల్లీ ఉంటుంది, ఒక పూట అడిగి తెచ్చుకోండి. వేలాడే తూనిక ఒకటి మధ్యలో తగిలించి 500 కిలోల దాకా లాగి ఐదు నిమిషాలు ఉంచండి. కంటి మొదలు దగ్గర అడ్డంగా పెన్నుతో గీత గీసి ఉంటే తోక వెంట్రుకవాసి జారినా గీత విడిపోయి కనబడుతుంది. లాగేటప్పుడు తాడు మీద తడి గోనె కప్పండి, దాని వరుసలో ఎవరినీ నిలబడనివ్వకండి. మీరు, మీ సామగ్రి కలిపి 95 కిలోలు అనుకుంటే అది రెండు కాళ్ల మీదా పంచుకుంటుంది, కాబట్టి 500 అంటే ఒక్కో కాలు మీద మామూలుగా పడే దానికి పది రెట్లు. అయినా ఈ పరీక్ష చెప్పేది స్ప్లైస్ జారడం లేదని మాత్రమే. కంపెనీలో కుట్టి, పరీక్షించి, ముద్ర వేసిన సేవర్‌కు ఇది సమానం కాదు. రోజూ ఎక్కే పని కాబట్టి వీలైన రోజున అలాంటిది ఒకటి కొనుక్కోండి. ఈలోగా మీరు చేసినదాని మీద మీరు ఎక్కడం మీ నిర్ణయం. మీ దగ్గర కూలికి వచ్చే కుర్రవాడికి మాత్రం అది ఇవ్వకండి. దాని లోపల ఏముందో అతనికి తెలియదు, మిమ్మల్ని నమ్మి ఎక్కుతాడు.

ఎక్కిన మొదటి రోజు తక్కువ ఎత్తు కొమ్మకు వేసి, నేలకు మోకాలి ఎత్తులోనే వేలాడుతూ గట్టిగా ఊగండి. అన్నట్టు, చింతచెట్టులోకి త్రో లైన్, అంటే బరువు కట్టి కొమ్మ మీదికి విసిరే సన్న తాడు, విసిరే ముందు తేనెపట్టు ఉందేమో చెట్టు చుట్టూ తిరిగి చూడండి. మంచి తాడు ఉన్నా తేనెటీగల మధ్య కిందికి దిగడం ఎవరి తరమూ కాదు.

సేవర్‌ను ప్రతిసారీ ఎక్కే ముందు చేతిలో పెట్టి చూడాలి. కుట్టు తెగిందా, నేత ఒకచోట గట్టిపడి మెరుస్తోందా, రింగు లోపల గాడి పడి అంచు వేలికి తగులుతోందా అని చూడండి. అల్యూమినియం రింగు తేలిక, కానీ మట్టి పట్టిన తాడు దాన్ని ఆకురాయిలా అరగదీస్తుంది. మామిడి సొన, మర్రిపాలు అంటితే గోరువెచ్చని నీళ్లలో మెత్తని సబ్బుతో కడిగి నీడలో ఆరవేయండి. ఇన్వర్టర్ బ్యాటరీ ఉన్న గదిలో తాళ్లు పెట్టకండి. ఆమ్లపు చుక్క తగిలిన నైలాన్ దారం పైకి బాగానే కనబడుతూ లోపల చచ్చిపోతుంది, మీ బిగింపు కుట్టు ఆ దారంతోనే వేశారు.

చేసిన తేదీని కంటి దగ్గర చిన్న గుడ్డ చీటీ మీద రాసి కుట్టండి. దాని కాలం అయిపోయిందనుకున్న రోజున రింగులు తీసి, తాడును మూడు ముక్కలుగా నరికి పారేయండి. తోటలో అలాగే వదిలేస్తే వారం తిరగకముందే ఏ పిల్లలో దాన్ని మామిడికొమ్మకు ఉయ్యాల కడతారు.